బాతు ఈక చేసిన నిర్వాకం

మొన్న శుక్రవారం మా చెరువు గట్టు మీద ఎనిమిదిమంది ఆడవాళ్ళు చెప్పులు వదిలేసి పరుగెత్తారండీ. మా వదినైతే ఏకంగా చెరువులోకే దిగిపోయింది. పాఠం చెప్పడానికొచ్చిన మేడంగారి పెదవి బూరెలా పొంగింది. ఇంతమందిని ఇంత అల్లకల్లోలం చేసిన ఆయుధం ఏంటనుకున్నారు? నా చేతిలో ఉన్న ఒక్క బాతు ఈక!

నవ్వండి, పర్లేదు. ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను. ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు.

నా పేరు కరుణమ్మ. పెదపాడు దగ్గర మాది చిన్న ఊరు. నాలుగో తరగతితో నా చదువు అయిపోయింది. నలుగురిలో మాట్లాడాలంటే నాకు భయం. ఆదివారం చర్చిలో "సాక్ష్యం చెప్పేవాళ్ళుంటే ముందుకి రండి" అనగానే నేను స్తంభం వెనక్కి జరుగుతాను. పాటలప్పుడు పెదవులు కదుపుతాను గాని గొంతు బయటికి రానివ్వను. మా ఆయన అంటూ ఉంటారు, "నీకు కోపం వచ్చిందో లేదో గిన్నెల చప్పుడు బట్టి తెలుసుకోవాలే" అని.

అలాంటిదాన్ని తేనెటీగల్లోకి దింపింది మా రత్నం వదిన. పక్కిల్లే. మూడేళ్ళ క్రితం తాడేపల్లిగూడెంలో తేనెటీగల పెంపకం ట్రైనింగ్ ఇస్తున్నారంటే, ఒక్కత్తే వెళ్ళలేక నన్ను లాక్కుపోయింది. రెండో రోజుకే వదిన "బాబోయ్, ఇది నావల్ల కాదమ్మా" అని మానేసింది. నేను ఉండిపోయాను. ఎందుకంటే అక్కడ మాట్లాడక్కర్లేదు. పెట్టె ముందు కూర్చుని, మెల్లగా చేతులు కదపడమే పని. ఊరుకోవడంలో నాకున్న అనుభవం ఇంకెవరికుంటుంది చెప్పండి?

ఇప్పుడు నాకు మూడు పెట్టెలున్నాయి. మా ఆయన చేపల చెరువుకి కాపలా ఉంటారు. ఆ గట్టు మీదే, కొబ్బరిచెట్ల కింద, స్టాండ్లు వేసి పెట్టుకున్నాను.

పెట్టె అంటే తెచ్చి పెట్టేసి తేనె తీసుకోవడమే అనుకుంటారు చాలామంది. కాదండీ. పది రోజులకోసారి తెరిచి చూడాలి. రాణి గుడ్లు పెడుతోందా, చీమలు చేరాయా, పురుగు పట్టిందా అని. లోపల చెక్క ఫ్రేములుంటాయి. ఒక్కో ఫ్రేముని పైకి తీస్తే రెండువైపులా ఈగలు దుప్పటి కప్పినట్టు ఉంటాయి. వాటిని పక్కకి జరిపితేనే కింద గుడ్లు కనపడేది. అసలు పనితనం అంతా ఆ జరపడంలోనే ఉంది.

మొదట్లో నేను పెయింట్ బ్రష్ వాడాను. కొత్తదే. కానీ ఆ వెంట్రుకల్లో ఈగల కాళ్ళు ఇరుక్కుపోయేవి. ఒకటి ఇరుక్కుని గింజుకుంటే మిగిలినవాటికి కోపం వచ్చేది. మాకు పాఠం చెప్పిన సుజాత మేడం ఒకసారి చూసి, "ఊడవకండి కరుణమ్మగారూ, అది మీ వాకిలి కాదు. నిమరండి. ఈకతో నిమరండి" అన్నారు.

ఈకలకి మా వైపు కరువేముంది! వరికోతలు అవ్వగానే బాతులవాళ్ళు మందలు తోలుకొచ్చి చేలల్లో దింపుతారు. పోయినచోటల్లా తెల్లటి ఈకలు. నేను రెక్క ఈకలు, పొడుగ్గా బలంగా ఉన్నవి, ఏరుకొచ్చి కడిగి ఆరబెట్టుకున్నాను. మా ఆయన, "బాతుది ఎందుకే, కొల్లేట్లో ఇంతేసి రెక్కల గూడబాతులున్నాయి. వాటి ఈక ఒక్కటి చాలు, ఈగల్ని నిమిరి ఇల్లు కూడా ఊడవచ్చు" అని వేళాకోళం చేశారు.

ఇంకోటి, ఫ్రేములు మైనంతో ఒకదానికొకటి అతుక్కుపోతాయి. వాటిని విడదియ్యడానికి ఇనుప పట్టీ ఒకటి అమ్ముతారు. నాకది మరీ మొరటుగా అనిపించింది. మా అత్తగారి నాటి అట్లకాడ ఒకటి ఉంటే, దాని అంచు రాతిమీద నున్నగా అరగదీసుకున్నాను. పల్చగా దూరుతుంది, చప్పుడు రాదు. అట్టు చిరగకుండా తిరగేసే చెయ్యి ఫ్రేము లాగడానికీ పనికొస్తుందండీ, నిజం!

ఈకతో నిమిరితే ఈగ కోప్పడదు. బస్సులో "కాస్త జరగండమ్మా" అంటే జరుగుతామే, అలా జరుగుతుంది. మొదటిసారి అలా జరిగినప్పుడు నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. నా మాట విని ఎవరైనా పక్కకి జరగడం అదే మొదలు మరి.

ఇక అసలు విషయానికొస్తాను.

పెంటపాడు వైపునుంచి ఒక మహిళా సంఘం వాళ్ళు తేనెటీగలు పెంచుదామా వద్దా అని ఊగిసలాడుతున్నారట. సుజాత మేడం నాకు ఫోన్ చేసి, "శుక్రవారం వాళ్ళని మీ గట్టు మీదకి తీసుకొస్తాను కరుణమ్మగారూ. మీరు పెట్టె తెరిచి చూపించండి. మీ చెయ్యి చూస్తే వాళ్ళకి భయం పోతుంది. ఒప్పుకున్నారంటే, పదిహేను రోజులకోసారి వెళ్ళి వాళ్ళకి నేర్పేది మీరే" అన్నారు.

"అమ్మో మేడం, నేను మాట్లాడలేనండీ."

"మాట్లాడేది నేను. చేత్తో చేసేది మీరు. సరేనా?"

సరే అన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ ఒక్క ముక్క చెవిలో ఉండిపోయింది. నేర్పేది మీరే! నా దగ్గర ఎవరైనా ఏదైనా నేర్చుకోవడం అనేది నా జన్మలో లేదండీ. నా పిల్లలు కూడా చిన్నప్పుడు లెక్కలు వాళ్ళ నాన్ననే అడిగేవాళ్ళు. అమ్మకేం తెలుసులే అని. వాళ్ళ తప్పు కాదు, నిజంగానే తెలీదు. కానీ ఇది తెలుసు. ఈ ఒక్కటి నాకు బాగా తెలుసు. ఎవరికీ చెప్పలేదు గాని, ఆ పని నాకు రావాలని మూడు రోజులు ప్రార్థన చేసుకున్నాను.

జాగ్రత్తలన్నీ తీసుకున్నాను. ట్రైనింగ్‌లో ఇచ్చిన కాగితం ఒకటి మా వంటింటి గోడకి అన్నం మెతుకులతో అంటించి ఉంది. వేలు పెట్టి కూడబలుక్కుంటూ మళ్ళీ చదివాను. సెంటు వద్దు. పౌడరు వద్దు. వాసన నూనె వద్దు. పూలు వద్దు. ముదురు రంగు బట్టలు వద్దు. అన్నీ పాటించాను. తల్లో పువ్వు పెట్టలేదు. వట్టి నీళ్ళతో స్నానం చేసి, వెలిసిపోయిన లేత పసుపు చీర కట్టుకున్నాను. రత్నం వదిన చూసి, "ఏమ్మా కరుణా, ట్రైనింగ్ ఇవ్వడానికా, ఆస్పత్రిలో చేరడానికా?" అంది. పట్టించుకోలేదు.

కానీ మనింటికి పదిమంది వస్తుంటే వట్టి చేతులతో నిలబడతామా? పెంటపాడునుంచి ఆటోలో పడి వస్తున్నారు పాపం. పొద్దున్న ఏం తిన్నారో ఏంటో. ముందురోజే ఏలూరు వెళ్ళి రెండు అత్తాల చక్కెరకేళి అరటిపళ్ళు తెచ్చాను. బాగా ముగ్గినవి. ఇల్లంతా ఘుమఘుమ.

పొద్దున్నే గుడ్డ సంచి సర్దాను. అడుగున అట్లకాడ, పొగ డబ్బాలో వెయ్యడానికి కొబ్బరిపీచు, అగ్గిపెట్టె. పైన ఈక. ఈక మీద పళ్ళు.

చూశారా? ఈక మీద పళ్ళు!

మా ఆయన సైకిలు హ్యాండిల్‌కి సంచి తగిలించి, గట్టు వరకూ నడిపించుకుంటూ వెళ్ళాను. అడుగడుక్కీ సంచి చక్రానికో మోకాలికో కొట్టుకుంటూనే ఉంది. అక్కడికెళ్ళి చూస్తే కింది వరస పళ్ళు నాలుగైదు చితికిపోయి, గుజ్జంతా ఈకకి అంటుకుంది. అయ్యో అనుకుని తడి గుడ్డతో మొదట్నుంచి చివరిదాకా తుడిచాను. పీచు పీచు సరిచేశాను. కంటికి తళతళలాడింది. కంటికి!

వాళ్ళు వచ్చారు. ఎనిమిదిమంది. మేడం ఇంకా రాలేదు, రైల్వే గేటు పడిందని ఫోన్ చేశారు. మేడం లేకుండా వీళ్ళతో ఏం మాట్లాడను? నోట్లోంచి వచ్చిన మాట ఒక్కటే: "పళ్ళు తీసుకోండి."

వాళ్ళల్లో లక్ష్మి అని ఒకావిడ ఉంది. నా వయసే ఉంటుంది, గట్టి మనిషి. "ఏవండీ, మీరేనా నేర్పేది?" అంది.

నేను తలూపాను.

"ఈగలు కుట్టవాండీ?"

తల అడ్డంగా ఊపాను.

"మరి మాట్లాడరేంటండీ? నాలిక మీద కుట్టాయా?"

అందరూ ఒకటే నవ్వు. నేను ఇంకో పండు ఇచ్చాను. ఏం చెయ్యను, నా దగ్గర ఉన్న జవాబు అదొక్కటే! అలా ఆవిడ చేత నాలుగు పళ్ళు తినిపించాను. అందరూ తిన్న తొక్కలు గట్టు మీద చిందరవందరగా పడితే, మేడం వచ్చి ఏమనుకుంటారో అని అన్నీ ఏరి ఒక పద్ధతిగా కుప్ప పెట్టాను. ఎక్కడ? మధ్య పెట్టె స్టాండు పక్కన. ఆ రోజు తెరవబోయే పెట్టె అదే.

మేడం స్కూటీ మీద వచ్చేశారు. వల టోపీలు రెండే ఉన్నాయి. ఒకటి నాకు. రెండోది మేడం పెట్టుకోబోతుంటే, లక్ష్మి పక్కనున్న పెద్దావిడ "నాకు భయమేస్తోందమ్మా" అంది. మేడం నవ్వి టోపీ తీసి ఆవిడ తలకి పెట్టారు. "మా కరుణమ్మగారి చేతిలో ఈగలు పాపాయిల్లా ఉంటాయండీ. నాకు టోపీ అక్కర్లేదు" అన్నారు.

అంత నమ్మకం నామీద ఎవరూ ఎప్పుడూ పెట్టలేదు.

ఈగలు నెమ్మదించడానికి నాలుగు ఊదులు పొగ పెట్టాను. మూత తీశాను. అట్లకాడ దూర్చి మొదటి ఫ్రేము వదులు చేశాను, టిక్కు మని కూడా అనలేదు. ఈగలు సన్నగా పాడుతున్నట్టు ఉన్నాయి. ఆడవాళ్ళు మెల్లగా దగ్గరికి జరిగారు. రెండో ఫ్రేము పైకి తీశాను. "అబ్బో, ఎన్ని ఉన్నాయే!" అన్నారు ఎవరో.

మేడం, "ఇప్పుడు గుడ్లు చూపిస్తారు. చూడండి, చేత్తో కాదు, బ్రష్‌తో కాదు, ఈకతో ఎలా జరుపుతారో" అన్నారు.

ఈక తీసి ఒక్కసారి నిమిరాను.

ఈగలు పక్కకి జరగలేదు. ఈక వైపుకి తిరిగాయి.

ఇదేంటి అనుకున్నాను. చెయ్యి వణికిందేమో, గట్టిగా తగిలిందేమో. ఇంకా మెల్లగా నిమిరాను. పాట ఆగిపోయి బుర్రుమని ఒక మోత మొదలైంది. మేడం నా చెవిలో, "ఇంకొంచెం మెల్లగా అమ్మా" అన్నారు. ఊపిరి బిగబట్టి, పసిపిల్ల కనురెప్ప తుడిచినట్టు నిమిరాను. మోత రెట్టింపైంది. నేనెంత మెత్తగా నిమిరితే వాటికి అంత ఒళ్ళు మండిపోతోంది! నా జీవితంలో నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే అండీ. ఎవరైనా కోప్పడితే ఇంకా మెత్తబడిపోవడం. అది పనిచెయ్యకపోతే ఇంకా, ఇంకా మెత్తబడడం. ఆ రోజు కూడా అదే చేశాను.

మేడం వాళ్ళ వైపు తిరిగి, "చూశారా, ఎంత మృదువుగా..." అన్నారు.

అంతే. ఆ మాట పూర్తి కాలేదు. ఒకటి వచ్చి పైపెదవి మీద కుట్టింది.

తర్వాత ఏం జరిగిందో ఒక వరసలో చెప్పలేను. "ఓలమ్మో!" అని ఒక అరుపు. చెప్పులు. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని గట్టు పొడుగునా పరుగు. టోపీ ఉన్న పెద్దావిడే అందరికన్నా ముందు పరుగెత్తింది. తమాషా చూద్దామని వచ్చిన రత్నం వదిన "కరుణా, నీ పాపాయిలు తగలెయ్య!" అని అరుస్తూ నడుము లోతు చెరువులోకి దిగిపోయింది. మేత వేస్తున్నారనుకుని చేపలన్నీ ఆవిడ చుట్టూ చేరాయి. అక్కణ్ణుంచి ఇంకో రకం అరుపులు.

నేను మాత్రం కదల్లేదు. ధైర్యం అనుకోకండి. చేతిలో ఫ్రేము ఉంది. ఆ ఫ్రేము మీద రాణి ఉంది. అప్పుడే కనపడింది, పొడుగ్గా, ఎర్రగా, ఈ గొడవంతా తనది కానట్టు నెమ్మదిగా నడుస్తోంది. నేను ఫ్రేము పారేసి పరుగెత్తితే రాణి నలిగిపోతుంది. రాణి పోతే ఆ పెట్టె పోతుంది. వాళ్ళెలాగూ పారిపోయారు, నేర్పే పని ఎలాగూ పోయింది. ఇది కూడా పోనివ్వాలా అనిపించింది.

ముంజేతి మీద ఒకటి కుట్టింది. మోచేతి దగ్గర రెండు. ఫ్రేముని అంగుళం అంగుళం దింపాను. వేళ్ళ మీద మళ్ళీ రెండు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, వల లోపల తుడుచుకోవడానికి లేదు. మూత పెట్టేసరికి ఏడు కుట్టాయి. లెక్కపెట్టుకున్నాను.

అప్పుడు కింద పడ్డ ఈక చూశాను. దానిమీద ఇరవై, ముప్ఫై ఈగలు మూగి, దాన్ని కుడుతున్నాయి! వట్టి బాతు ఈకని! నన్ను వదిలేసి దాన్ని కుడుతున్నాయి. పక్కన తొక్కల కుప్ప మీద ఇంకో వంద గిరగిరా తిరుగుతున్నాయి.

అవి సద్దుమణిగే వరకూ దూరంగా కూర్చుని, తర్వాత ఆ ఈకని అట్లకాడతో ఎత్తుకుని మా ఆయన కాపలా పాకకి వెళ్ళాను. ఎక్కడెక్కడికో పరుగెత్తినవాళ్ళంతా అక్కడే చేరారు. అదృష్టం, మిగతావాళ్ళల్లో కుట్టింది ఇద్దర్నే. వదిన నీళ్ళోడుతూ కూర్చుని నావంక చూడట్లేదు. మా ఆయన చేపల కోసం తెచ్చిన ఐసు ముక్క గుడ్డలో చుట్టి మేడంకి ఇచ్చారు. ఆవిడ పెదవికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నారు, నొప్పికో చేపల వాసనకో తెలీదు.

లక్ష్మి లేచి నిలబడింది. "మాకొద్దులెండి మేడంగారూ ఈ ఈగలు. పిల్లలు గలవాళ్ళం. ఆటోని పిలుస్తాను."

మేడం ఏదో చెప్పబోయారు. పెదవి కదల్లేదు. "బు... బు..." అని, నావైపు చెయ్యి చూపించి, చెప్పండి అన్నట్టు సైగ చేశారు.

ఎనిమిదిమంది నావైపు తిరిగారు. స్తంభం కోసం చూశాను. పాకకి స్తంభాలేవి, నాలుగు వెదురు బొంగులు. వాటి వెనక నేను పట్టను.

చేతిలో ఉన్న ఈక లక్ష్మికి చాపాను. "చూడండి. దీన్ని కుట్టాయండి. మనల్ని కాదు. దీన్ని" అన్నాను. పీచుల మధ్య సన్నటి ముళ్ళు గుచ్చుకుని ఉన్నాయి, మెంతులు చల్లినట్టు.

ఆవిడ ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఇదేంటండీ, చక్కెరకేళి వాసన!"

ఆ మాట వినగానే మేడం కళ్ళు తెరిచారు. నా వంక, ఈక వంక, దూరంగా గట్టు మీది తొక్కల కుప్ప వంక చూశారు. ఐసు పక్కన పెట్టి, ఒక్కో మాట కూడబలుక్కుంటూ చెప్పారు. ఈగ కుట్టినప్పుడు దాని ముల్లు దగ్గర్నుంచి ఒక వాసన వస్తుందట. "ఇక్కడ శత్రువు ఉన్నాడు, అందరూ రండి" అని మిగతావాటికి కబురు. ఆ వాసన అచ్చం ముగ్గిన అరటిపండు వాసనలా ఉంటుందట!

"కాగితంలో... ఉంది... కదమ్మా" అన్నారు.

"లేదండీ! నేను మొత్తం చదివాను. సెంటు, పౌడరు, పూలు..."

"వెనక పేజీలో."

నేను నాలిక కరుచుకున్నాను. తర్వాత మెల్లగా అన్నాను, "వెనక పేజీ గోడకి ఉందండీ."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. మా ఆయనే ముందు నవ్వారు. "అన్నంతో అంటించిందండీ, వంటింట్లో. మూడేళ్ళబట్టి ముందు పేజీయే చదువుతోంది!" అన్నారు. వదిన అంత కోపంలోనూ కిసుక్కున నవ్వింది. లక్ష్మి నవ్వలేక కూలబడింది. మేడం నవ్వితే పెదవి నొప్పి, నవ్వకపోతే కడుపు నొప్పి. 

అందరూ అంతలా నవ్వుతుంటే నాకు ఒక్కసారిగా బరువు దిగినట్టైంది. ఇంకేం పోతుంది? పోవాల్సిన పరువంతా పోయింది. నోరు తెరిచాను.

ఏం మాట్లాడానో తెలీదండీ. ఆటో వచ్చి హారన్ కొట్టినా ఎవరూ లేవలేదట. ఈగల తప్పు లేదు, నేను ఈక పట్టుకుని మెత్తగా, మర్యాదగా "రండి, కుట్టండి" అని చెప్పాను, అవి వచ్చాయి అన్నానట. మెత్తగా చెప్పినంత మాత్రాన మంచి మాట అయిపోదు, ఏం చెప్తున్నామో కూడా చూసుకోవాలి అన్నానట. అది నేను ఆలోచించి అన్న మాట కాదు. ఇంటికెళ్ళాక రాత్రి పడుకుని దాని గురించి చాలాసేపు ఆలోచించాను. యాభై ఏళ్ళు మెత్తగా ఉండడమే మంచితనం అనుకున్నాను. ఎవరినీ నొప్పించకూడదని నోరు మూసుకున్నవన్నీ, అవతలివాళ్ళకి ఏ వాసన కొట్టాయో ఎవరికి తెలుసు? నా పిల్లలు అమ్మకేం తెలుసులే అనుకున్నారంటే, తెలుసని నేనెప్పుడైనా అన్నానా?

సరే, అది వదిలెయ్యండి.

లక్ష్మి చివర్లో అడిగింది, "అందరం పారిపోయాం కదండీ, మీరెందుకు పారిపోలేదు?"

"రాణి చేతిలో ఉందండీ" అన్నాను.

ఆవిడ మిగతావాళ్ళ మొహాలు చూసింది. "రెండు పెట్టెలతో మొదలుపెడదాం మేడంగారూ. కానీ ఈవిడే రావాలి. ఇంకెవరొచ్చినా ఒప్పుకోం" అంది. నేను వదిన తడి కొంగు పట్టుకుని ఏడ్చేశాను. "చాల్లే, ఇప్పటికే తడిసిపోయాను" అంది వదిన.

సాయంత్రం మేడం ఫోన్ చేశారు. మాట కొంచెం తేరుకుంది. "మీరింత మాట్లాడగలరని తెలిస్తే నేను మూడేళ్ళ క్రితమే కుట్టించుకునేదాన్ని కరుణమ్మగారూ. వచ్చే వారం చింతలపూడిలో పామాయిల్ తోటల వాళ్ళకి మీటింగ్ ఉంది. అక్కడ కూడా ఇవాళ చెప్పిందే చెప్పండి. ఒక్క ముక్క మార్చొద్దు" అన్నారు.

గర్వంగా సరే అన్నాను. ఫోన్ పెట్టేశాక అప్పుడు తట్టింది. ఇవాళ చెప్పింది ఏంటి?

ఒక్క ముక్క గుర్తు లేదండీ! రెండు రోజులు గింజుకున్నాను. మా ఆయన్ని అడిగితే "చాలా బాగా చెప్పావే" అంటారు గాని, ఏం చెప్పానో చెప్పరు. ఇక సిగ్గు విడిచి, నోటు పుస్తకం, పెన్నూ పట్టుకుని లక్ష్మికే ఫోన్ చేశాను.

"లక్ష్మిగారూ, ఏమనుకోకండి. ఆ రోజు పాకలో నేనేం చెప్పానో కొంచెం చెప్తారా?"

అటుపక్క కాసేపు నవ్వు. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. అన్నీ వరసగా గుర్తు పెట్టుకుంది, మహాతల్లి! నేను స్పెల్లింగులు కూడబలుక్కుంటూ రాసుకుంటున్నాను. ఫ్రేము నిలువుగా పట్టుకోవాలి, రాసుకున్నాను. ఎండ వీపుకి ఉండాలి, రాసుకున్నాను. ఈక దొరక్కపోతే పచ్చిగడ్డి పరకలు గుప్పెడు తీసుకుని, కొనలతో నిమిరినా చాలు...

పెన్ను ఆపాను. "ఇది నేను చెప్పానా?"

"మీరేనండీ. మేం నిన్న పక్కూరి వాళ్ళ పెట్టె మీద చేసి చూశాం కూడా. భలేగా జరిగాయి."

నేనెప్పుడూ అలా చెయ్యలేదండీ. గడ్డి పరకల సంగతి నాకెలా తెలిసిందో, నోట్లోంచి ఎలా వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి. రాసుకున్నాను. రేపు పొద్దున్నే గట్టు మీదకెళ్ళి, నేను నేర్పింది కాస్త నేర్చుకోవాలి.